హాస్టల్‌కి బయల్దేరేముందు: క్యాంపస్ వైఫై గురించి పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

యూనివర్సిటీలో సీట్లు వచ్చాయి, చాలా సంతోషం. పెట్టె సర్దుకునేటప్పుడే ల్యాప్‌టాప్‌లో వైఫై పని కూడా ముగించుకోండి. అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటే, నెట్ పెట్టుకోవడానికి కావలసిన ఫైలు దించుకోవాలన్నా నెట్ కావాలి!

ఇంట్లో వైఫైకి ఇంటిల్లిపాదికీ ఒకటే పాస్‌వర్డ్. క్యాంపస్‌లో ఎవరి ఐడీ వాళ్లది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. దీన్ని డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ అంటారు, వెనక నడిచే పద్ధతి పేరు 802.1ఎక్స్. సీలింగ్‌కి బిగించి ఉండే యాక్సెస్ పాయింట్‌కి, అంటే వైఫై ఇచ్చే డబ్బాకి, మీ పాస్‌వర్డ్ తెలియదు. అది మీ వివరాలను కంప్యూటర్ సెంటర్‌లో ఐడీలు సరిచూసే రేడియస్ సర్వర్‌కి చేరవేస్తుంది. సర్వర్ సరేనంటేనే మిమ్మల్ని లోపలికి రానిస్తుంది.

చాలాచోట్ల ఆ వైఫై పేరు ‘ఎడ్యురోమ్’ అని కనబడుతుంది. నెదర్లాండ్స్‌లో విద్యాసంస్థలకు నెట్ అందించే సర్ఫ్‌నెట్‌లో పనిచేసిన క్లాస్ వీరెంగా 2002లో ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. ఇప్పుడిది వందకు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ అయిన ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. ఇందులో ఉన్న విద్యాసంస్థ ఐడీ మీ దగ్గరుంటే, సెమినార్ కోసం జర్మనీ వెళ్లినా అక్కడి క్యాంపస్‌లో అదే ఐడీతో నెట్ వస్తుంది. అక్కడి సర్వర్ మీ ఐడీలో @ తర్వాత ఉన్న పేరు చూసి, విచారణను మీ యూనివర్సిటీకి పంపుతుంది. తపాలా వాళ్లు పిన్ కోడ్ చూసి ఉత్తరాన్ని దారి పట్టించినట్టే. అందుకే ఐడీ ఎప్పుడూ పూర్తిగా కొట్టాలి. ఉత్త రోల్ నంబరుతో సొంత క్యాంపస్‌లో పని జరిగిపోవచ్చు గానీ, ఊరు దాటితే అది ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక ఆగిపోతుంది.

ఫోన్‌లో కొట్టేటప్పుడు ఇంకో తంటా. కీబోర్డ్ చూపించిన పదాన్ని నొక్కితే చివర ఒక ఖాళీ చేరుతుంది, కంటికి కనబడదు. సర్వర్‌కి అది వేరే ఐడీ. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా పదేపదే కాదంటోందంటే, ముందు ఆ ఖాళీని చెరిపి చూడండి.

ఇక అసలు సంగతి. మీరెవరో సర్వర్‌కి రుజువు చేసుకునేముందు, అదెవరో మీకు రుజువు చెయ్యాలి. సర్టిఫికెట్ అంటే అదే. ‘ఎడ్యురోమ్’ అని పేరు పెట్టి ఎవడైనా బస్టాండ్‌లో కూడా వైఫై పెట్టగలడు. సర్టిఫికెట్ చూడొద్దని మీ యంత్రానికి చెప్పి ఉంటే, అది కిమ్మనకుండా వాడితో మాట కలుపుతుంది. పాస్‌వర్డ్ సరిచూడటానికి ఎక్కువచోట్ల వాడే ఎంఎస్‌చాప్ వీ2 పద్ధతిలో పాస్‌వర్డ్ నేరుగా బయటపడదు గానీ, మీ యంత్రం పంపగా వాడికి చిక్కిన జవాబు నుంచి దాన్ని ఛేదించవచ్చని 2012లోనే చేసి చూపించారు. ఆ పాస్‌వర్డే మీ మెయిల్‌కి, మార్కుల పోర్టల్‌కి కూడా అయితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ‘డోంట్ వాలిడేట్ (సర్టిఫికెట్ చూడొద్దు) పెట్టెయ్, పనైపోతుంది’ అని సీనియర్లు చెబుతారు. వినకండి. ఆండ్రాయిడ్ 11 నుంచి చాలా ఫోన్లలో ఆ ఎంపికే తీసేశారు.

అన్నిటికంటే సులువైన దారి ‘గెట్ ఎడ్యురోమ్’ యాప్. మీ సంస్థ పేరు అందులో ఉంటే ఇంట్లోనే దించుకుని, సంస్థను ఎంచుకుని, ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి. మిగతాదంతా అదే నింపుకుంటుంది. లేకపోతే చేత్తో నింపాలి. ఎక్కువచోట్ల ‘ఈఏపీ పద్ధతి’ అన్న గడిలో పీఈఏపీ, ‘ఫేజ్ 2’ గడిలో ఎంఎస్‌చాప్ వీ2 ఎంచుకోవాలి. సీఏ సర్టిఫికెట్ దగ్గర ‘యూజ్ సిస్టమ్ సర్టిఫికెట్స్’, లేదా కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఇచ్చిన ఫైలు. డొమైన్ దగ్గర వాళ్లు చెప్పిన సర్వర్ పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. విండోస్‌లో చేత్తో కలిపితే మొదటిసారి ‘షో సర్టిఫికెట్ డీటెయిల్స్’ వస్తుంది. అందులోని అంకెలనూ అక్షరాలనూ సెంటర్ ప్రకటించిన వాటితో పోల్చి, అప్పుడు కనెక్ట్ నొక్కండి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా కలవడం లేదా? గడియారం చూడండి. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డ్ మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదనుకుని యంత్రం దాన్ని తోసిపుచ్చుతుంది. తేదీ సరిచేస్తే చాలు.

పాస్‌వర్డ్ మార్చేముందు అన్ని పరికరాల్లోనూ ఆ నెట్‌వర్క్‌ని ‘ఫర్గెట్’ చెయ్యండి. లేదంటే సంచిలో ఉన్న ట్యాబ్ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతూ ఉంటుంది, కొన్నిచోట్ల అలా ఖాతానే లాక్ అవుతుంది.

కలిసింది గానీ నెట్ రావట్లేదంటే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) కొట్టండి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే, యంత్రాలకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి మీకు అడ్రస్ అందలేదన్నమాట. వైఫై ఆపి మళ్లీ పెట్టి చూడండి. హాస్టల్ నెట్‌లో 192.168తో వచ్చి, క్యాంపస్ అడ్రస్‌లు అలా ఉండవని మీకు తెలిస్తే, అదే అంతస్తులో ఎవరో సొంత రూటర్ తెచ్చి గోడ సాకెట్ తీగను, బయటి నెట్ కోసం ఉన్న పోర్టులో కాక, దాని లాన్ పోర్టులో గుచ్చి ఉంటారు. ఆ డబ్బా అందరికీ తన అడ్రస్‌లు పంచిపెడుతుంది, దాంతో అంతస్తు మొత్తానికి నెట్ పోతుంది. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. గదికొక హాట్‌స్పాట్ పెట్టినా అంతే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే, అవి ఇట్టే ఇరుకైపోతాయి. ల్యాప్‌టాప్‌లో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కే ప్రాధాన్యం ఇవ్వండి.

కొన్ని క్యాంపస్‌లలో పరికరం మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్ భాగానికి తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్య, నమోదు చెయ్యాలి. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ దాచి మారు అడ్రస్ చూపిస్తాయి. అలాంటిచోట ఆ ఒక్క నెట్‌వర్క్‌కి మాత్రం ‘యూజ్ డివైస్ మ్యాక్’ పెట్టుకోండి. లాగిన్ పేజీ వచ్చే రకం నెట్‌లో పేజీ తెరుచుకోకపోతే వీపీఎన్, ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆపి చూడండి.

ఇన్ని చూసినా కాకపోతే కంప్యూటర్ సెంటర్‌కి రాయండి. ‘నెట్ రావట్లేదు సార్’ అంటే వాళ్లు ఏమీ చెయ్యలేరు. ఏ భవనం, ఏ గది, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి, ఐడీ ఏమిటి, మ్యాక్ అడ్రస్ ఏమిటి, తెర మీద ఏం వచ్చింది, ఇవి రాస్తే సర్వర్ రాసుకునే చిట్టా (లాగ్)లో మీకు సంబంధించిన పంక్తి పట్టుకుని కారణం చెబుతారు. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి, ఎవరడిగినా సరే.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న