నూటపదేళ్ల ఎల్ఫ్ పిల్లాడా, పెద్దాడా? ఈ గొడవ ఎక్కడ మొదలైంది

మళ్లీ అదే గొడవ. వెయ్యేళ్లు దాటిన ఫ్రీరెన్‌కి (అదే పేరున్న జపాన్ యానిమేలో ఎల్ఫ్ మాంత్రికురాలు) మనుషుల మనసు ఎందుకు అర్థం కాదు అని ఒకళ్లు, ఎల్ఫ్ లెక్కలో ఆవిడ ఇంకా చిన్నదే కదా అని ఇంకొకళ్లు. ఎల్ఫులంటే ఫాంటసీ కథల్లో మనుషుల్లాగే ఉండి వందల ఏళ్లు బతికే జాతి, అంతవరకు చాలు, నేరుగా 2000కి వచ్చేద్దాం.

ఆ ఏడు డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని ఆడే ఫాంటసీ ఆట) మూడో ఎడిషన్ వచ్చింది, అందులో కొత్త క్యారెక్టర్ వయసు తేల్చే చిన్న టేబుల్ ఉంది. పాత ఎడిషన్లలోనూ ఎల్ఫులు వందేళ్ల పైనే మొదలయ్యేవాళ్లు గానీ ఇక్కడ కాలమ్ పేరే అడల్ట్‌హుడ్. మనిషికి 15, ఎల్ఫ్‌కి 110. విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర అయితే మనిషికి రెండు డైస్, ఎల్ఫ్‌కి పది డైస్ వేసి పడ్డది కలుపుకోవాలి, అంటే మనిషి మహా అయితే 27, ఎల్ఫ్ ఎంత తక్కువన్నా 120, కానీ ఇద్దరూ మొదలయ్యేది ఫస్ట్ లెవెల్లోనే. మరి ఆ వందేళ్లు వీడేం చేసినట్టు? సులువైన జవాబు: పిల్లాడిగా ఉన్నాడు. నా లెక్కలో మొత్తం తికమకకి మూలం ఇదే, ఆట కోసం పెట్టిన నంబర్‌ని జనం మెదడు ఎదుగుదల కింద చదివేశారు.

తమాషా ఏంటంటే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ రాసిపెట్టుకున్నది దీనికి ఉల్టా. ఆయన పోయాక 1993లో వచ్చిన మోర్గోత్స్ రింగ్‌లో ఉంది: ఎల్ఫ్ పిల్లల ఒళ్లు మనకన్నా మెల్లగా పెరుగుతుంది, బుర్ర మాత్రం మనకన్నా స్పీడు, ఏడాది నిండకుండానే మాటలొచ్చేస్తాయి. పూర్తి ఎత్తు రావడానికేమో యాభై ఏళ్లు, కొందరికి వంద. మన సనకసనందనాదుల టైపు అన్నమాట, చూడ్డానికి ఐదేళ్ల పిల్లలు, వైకుంఠం గుమ్మంలో జయవిజయులు దెబ్బతిన్నదీ అక్కడే.

2014లో డన్‌జన్స్ ఆట ఐదో ఎడిషన్ సర్దుకుంది. ఒళ్లు మనిషి వయసుకే ఎదుగుతుంది, లోకం చూశాక వందేళ్లప్పుడు పెద్దపేరు పెట్టుకుంటారు అంది. అంటే ముప్పై ఏళ్ల ఎల్ఫ్ పిల్లాడేం కాదు, ఇంట్లోవాళ్లు ఇంకా చిన్నప్పటి పేరుతో పిలుస్తారంతే.

ఎల్ఫ్ 750 ఏళ్ల బతుకులో వంద అంటే మనకి పదమూడే అని, ఇంకా చిన్నదే అనే అవతలివాళ్లు త్రైరాశికం వేస్తారు, సరే, కానీ లెక్క వేరు, మనసు వేరు.

ఫ్రీరెన్ సంగతే చూడండి. మనిషైన తన జట్టు నాయకుడు హిమ్మెల్‌తో తిరిగిన పదేళ్లు ఆవిడ బతుకులో వందో వంతు కూడా కాదు, యాభై ఏళ్ల తర్వాత తిరిగొస్తే అతను ముసలాడైపోయాడు, అతని అంత్యక్రియల్లో గానీ ఇతన్ని తెలుసుకోడానికి నేను ప్రయత్నించనేలేదే అని ఏడుపు రాలేదు. అది చిన్నపిల్ల ఏడుపా? టీనేజ్ శిష్యురాలు ఫెర్న్ లేపితే గానీ లేవదు కదా అని సాక్ష్యం చూపిస్తారు, అది బద్ధకం అండీ, మా ఇంట్లో అరవై దాటినవాళ్లూ అంతే.