టైరు మీద కనిపించని 80

"పాత కారు టైరు మీద 165 ఆర్ 15 అని మాత్రమే ఉంది. మధ్యలో ఉండాల్సిన అంకె ఏది?" అని ఒక పాఠకుడు అడిగారు. టైరు ఎంపికకు కీలకం ఆ లేని అంకెలోనే ఉంది.

165 వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆర్ అంటే రేడియల్ టైరు. 15 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు ఎంత శాతమో పాత రేడియల్ టైర్ల మీద రాసేవారు కాదు. రాయకపోతే 80 నుంచి 82 అని అర్థం.

165లో 80 శాతం 132. పైనా కిందా కలిపి 264. రిమ్ 15 అంగుళాలు, అంటే 381. మొత్తం వ్యాసం 645 మి.మీ. దాని బదులు చూపుకు బాగుందని 195/60 ఆర్ 15 వేస్తే సైడ్‌వాల్ 117, రెండింతలు 234, రిమ్‌తో 615. తేడా 30 మి.మీ.! కిలోమీటరుకు 494 చుట్లు తిరిగే చక్రం ఇప్పుడు 518 చుట్లు తిరగాలి. స్పీడోమీటరుకు తెలిసింది చుట్లే, రోడ్డు కాదు. అంతకుముందు సరిగ్గా చూపేదైతే, ఇప్పుడు 100 చూపినప్పుడు కారు పోయేది 95. అదే వేగానికి ఇంజను 5 శాతం ఎక్కువ తిరుగుతుంది, టాప్ గేరులో హోరు పెరుగుతుంది. కారు 15 మి.మీ. కిందికి దిగుతుంది.

195/65 అయితే వ్యాసం 634.5, తేడా 1.6 శాతమే. అయితే దానికి కనీసం 5.5 అంగుళాల వెడల్పున్న రిమ్ కావాలి. పాతది 4.5 అయితే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి మధ్యభాగం ఉబ్బుతుంది, నడుమే అరుగుతుంది, మలుపుల్లో సైడ్‌వాల్ ఒరుగుతుంది. 6 అంగుళాల రిమ్ వేస్తే, ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి గీతకూ, అది హబ్‌కు ఆనే తలానికీ మధ్య దూరం) మార్చకుండా ఉంటే, రిమ్ అంచు లోపలికి 19, బయటికి 19 మి.మీ. జరుగుతుంది. స్ప్రింగు తీసి, చక్రాన్ని పైదాకా ఎత్తి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడైనా తగులుతుందేమో చూడాలి. మడ్‌గార్డుకు తగలకూడదని ఆఫ్‌సెట్ పెంచితే లోపల సస్పెన్షన్‌కు రాసుకుంటుంది. తగ్గిస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది, గుంతల్లో స్టీరింగు చేతిని గుంజుతుంది.

వెడల్పు టైరంటే పట్టు ఎక్కువన్నది మూఢనమ్మకంలా పాతుకుపోయింది. తేలికైన కారు మీద అది నిలిచిన నీళ్లలో త్వరగా తేలిపోతుంది, పవర్ స్టీరింగు లేకపోతే తిప్పడమూ కష్టం. 165/80 ఆర్ 15 దొరికితే అదే వేయండి.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. స్పోకుల చక్రమైతే సాధారణంగా ట్యూబు కావాలి. కొత్త రిమ్ కొంటుంటే పీసీడీ (బోల్టు రంధ్రాల గుండా పోయే వృత్తం వ్యాసం) కొలవండి. 4×100 అంటే నాలుగు రంధ్రాలు, 100 మి.మీ. వృత్తం. 4×100 హబ్‌కు 4×98 రిమ్ పట్టినట్టే ఉంటుంది, కానీ నట్లు ఒరిగి బిగుస్తాయి, నడుస్తుంటే వదులవుతాయి.