కియాంటిలోకి తెల్ల ద్రాక్ష ఎలా వచ్చింది, ఎలా పోయింది

ఇటలీలోని టస్కనీలో తయారయ్యే కియాంటి రెడ్ వైన్. అయినా అందులో తెల్ల ద్రాక్ష కలిపి తీరాలని చట్టం పట్టుబట్టిన రోజులున్నాయి. మరీ పాత కాలం సంగతి కాదు, 1967లో పెట్టిన నిబంధన అది. 2006 పంట నుంచి కియాంటి క్లాసికోలో, అంటే కియాంటి పాత ప్రాంతంలో తయారయ్యే వైన్‌లో, తెల్ల ద్రాక్ష అసలు కలపకూడదు. నలభై ఏళ్లలో రూలు ఇలా తలకిందులు కావడానికి మూలం వెతికితే, 1872లో రాసిన ఒక ఉత్తరం దగ్గరికి వెళ్తాం.

కియాంటి పుట్టిల్లు ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య ఉన్న కొండలు. రాడ్డా, గాయోలే, కాస్టెలీనా అక్కడి పాత ఊళ్లు. 1716లో టస్కనీ పాలకుడు మూడో కోసిమో దే మెడిచి ఈ ప్రాంతానికి ఫర్మానాతో హద్దులు గీయించాడు. బనగానపల్లె మామిడికి, పోచంపల్లి ఇక్కత్‌కు మనం తెచ్చుకున్న జీఐ (భౌగోళిక) గుర్తింపు వెనకున్న ఆలోచనే ఇది. పేరు ఊరిదైతే సరుకూ ఆ ఊరిదే కావాలి.

గాయోలే దగ్గరి బ్రోలియో కోట బారన్ బెట్టీనో రికాసోలిది. 1861లో ఇటలీ తొలి ప్రధాని కావూర్ చనిపోయాక ఆ పదవిలోకి వచ్చాడు. రాజకీయాలు ఎంత ముఖ్యమో ఆయనకు తోట కూడా అంతే. ఏ ద్రాక్ష ఎంత కలిపితే ఏమవుతుందో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1872లో పీసా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చేజరే స్టూడియాటికి ఫలితం రాశాడు. వైన్‌కు వాసన, సత్తువ ఇచ్చేది సాంజొవేసే. దాని మొరటుదనాన్ని తగ్గించేది కనాయోలో. ఈ రెండూ ఎర్ర రకాలే. ఇక మాల్వాజియా అనే తెల్ల రకం వైన్‌ను పలచన చేస్తుంది, రోజూ భోజనంతో తాగే రకానికి బాగుంటుంది, కానీ చాలాకాలం నిల్వ ఉంచే వైన్‌లో వేయకపోవడమే మంచిది అన్నాడు.

ఆ చివరి మాటను తర్వాతివాళ్లు గాలికొదిలేశారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ‘రికాసోలి ఫార్ములా’ అని ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు. ఆయన వద్దన్న పని కూడా ఆయన ఖాతాలోనే పడింది.

తెల్ల ద్రాక్ష అంతలా ఎందుకు పాతుకుపోయిందో తెలియాలంటే పొలం చూడాలి. టస్కనీలో సాగు చాలావరకు సగం పాలు పద్ధతిలో నడిచేది. పంటలో సగం భూస్వామికి, సగం దున్నినవాడికి. ఒకే చేలో గోధుమ, ఆలివ్, ద్రాక్ష కలిపి వేసేవారు, తీగలను చెట్ల మీదికి పాకించేవారు. ట్రెబ్బియానో అనే తెల్ల రకం విరగకాస్తుంది. సగం పంట ఇచ్చేయాల్సిన రైతు ఎక్కువ కాసే రకాన్నే నమ్ముకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. తప్పు, ఆ అవసరాన్ని నాణ్యతా ప్రమాణంగా మార్చిన చట్టానిది.

పేరు విషయంలోనూ జారుడు మొదలైంది. 1924లో రాడ్డాలో 33 మంది ఉత్పత్తిదారులు కియాంటి పేరును కాపాడుకోవడానికి నల్ల కోడిపుంజు గుర్తుతో సంఘం పెట్టుకున్నారు. అయినా 1932లో ప్రభుత్వం కియాంటి హద్దులను పీసా, అరెజ్జో కొండల దాకా పెంచేసింది. పాత ఊళ్లున్న ముక్క ఏడింటిలో ఒకటై, ‘క్లాసికో’ అని తోక తగిలించుకోవాల్సి వచ్చింది.

1967 నిబంధనల్లో సాంజొవేసే 50 నుంచి 80 శాతం, తెల్ల ద్రాక్ష 10 నుంచి 30 శాతం. సాంజొవేసే రంగు సహజంగానే పలచన. పులుపు, వగరు మాత్రం గట్టిగా ఉంటాయి. అందులో 30 శాతం దాకా ట్రెబ్బియానో పోస్తే ఇంకేం మిగులుతుంది? రంగు వెలిసిపోయి, త్వరగా ముదిరిపోయి, నోట్లో పులుపే నిలిచేది. పైగా అప్పుడే పాలు పద్ధతి పోతోంది, కూలీలు పట్నాలకు తరలిపోతున్నారు, కొత్త తోటల్లో బాగా కాసే మొక్కలే నాటుతున్నారు. అడుగు గుండ్రంగా ఉండి, గడ్డి అల్లిక లేకపోతే నిలబడలేని ‘ఫియాస్కో’ బుడ్డీలో ఈ చవక వైన్ ప్రపంచమంతా తిరిగి, కియాంటి అంటే అంతేననిపించింది.

ఎదురు తిరిగినవాళ్లు ఆ కొండల్లోంచే వచ్చారు. ఆంటినోరి కుటుంబం 1971 పంటతో టిగ్నానెల్లో అనే వైన్ తెచ్చింది. జాకోమో టాకిస్ అనే నిపుణుడి చేతి మీదుగా అది చిన్న ఓక్ పీపాల్లో మాగింది. 1975 నుంచి అందులో తెల్ల ద్రాక్ష లేదు, ఫ్రెంచ్ రకం కాబెర్నే కలిసింది. రాడ్డాలోని మాంటెవెర్టీనే తోటలో సెర్జో మనెట్టి పరాయి రకం ఊసెత్తకుండా 1977లో పూర్తిగా సాంజొవేసేతోనే ‘లే పెర్గోలే తోర్తే’ చేశాడు. అదీ రూలుకు విరుద్ధమే. ఇలాంటివన్నీ చట్టం లెక్కలో మామూలు ‘టేబుల్ వైన్లు’. ధర మాత్రం కియాంటి కంటే ఎన్నో రెట్లు. జనం వీటిని ‘సూపర్ టస్కన్’ అన్నారు.

చట్టం మెల్లగా దిగివచ్చింది. 1984లో క్లాసికోలో తెల్ల ద్రాక్ష కనీస వాటా 2 శాతానికి తగ్గింది. 1996లో క్లాసికోకు సొంత నిబంధనలు వచ్చి, తెల్ల ద్రాక్ష వేయాలా వద్దా అన్నది ఉత్పత్తిదారు ఇష్టమైంది. ఇప్పుడు క్లాసికోలో సాంజొవేసే కనీసం 80 శాతం, మిగతాది ఎర్ర రకాలే. బయటి కియాంటిలో మాత్రం తెల్ల ద్రాక్షకు కొద్దిగా చోటు ఇంకా ఉంది.

ఇప్పుడు వాదన కాబెర్నే మీదికి మళ్లింది. ‘గ్రాన్ సెలెజియోనే’ అనే పై శ్రేణి క్లాసికోలో సాంజొవేసే 90 శాతం ఉండాలని, మిగతా పది శాతం స్థానిక రకాలే కావాలని 2021లో ఆ నల్ల కోడిపుంజు సంఘం తీర్మానించింది. ఫ్రెంచ్ రకాలకు అక్కడ తలుపు మూసుకుపోతోంది. నాకైతే ఇది సరైన దారే అనిపిస్తుంది, ఎందుకంటే సాంజొవేసే ఒంటరిగా నిలబడగలదని మనెట్టి ఎప్పుడో చూపించాడు. ఇక టిగ్నానెల్లో ఇవాళ్టి రూల్స్ ప్రకారం కియాంటి క్లాసికో అని రాసుకోగలిగినా, సీసా మీద ఇప్పటికీ ‘టస్కనీ’ అనే రాసుకుంటోంది.