ఒకే తీగలో రెండు మానిటర్లు ఎలా పడతాయి?

2020లో ఆఫీసు పని ఇంటికొచ్చింది. హైదరాబాద్‌లో అద్దె గదులు ఖాళీ చేసి నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో, వనపర్తికో వచ్చేసిన వాళ్లలో కొందరు ఇప్పటికీ వారంలో కొన్ని రోజులు ఇక్కడి నుంచే లాగిన్ అవుతున్నారు. 2023లో మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు కూడా తెరిచారు. ఈ మార్పుతో పాటే మన ఇళ్లలోని బల్లల మీదికి డాక్ అనే చిన్న డబ్బా ఒకటి చేరింది. రెండు మానిటర్లు, కీబోర్డు, మౌస్, ల్యాన్ కేబుల్, ప్రింటర్ అన్నీ దానికే తగిలిస్తారు. దాని నుంచి ల్యాప్‌టాప్‌కు పోయేది మాత్రం ఒకే ఒక్క టైప్-సి తీగ. చార్జింగ్ కూడా అందులోంచే.

డాక్ కొన్నవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "రెండు మానిటర్లలో ఒకే బొమ్మ వస్తోంది." "ఫోర్‌కే మానిటర్ కొన్నా, మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోతోంది." "డాక్ పెట్టినప్పటి నుంచి వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది." షాపులో అడిగితే డాక్ పాడైందనీ ఇంకోటి తీసుకొమ్మనీ అంటారు. నిజానికి ఈ మూడింట్లో దేనికైనా డాక్ పాడవ్వాల్సిన పనే లేదు. ల్యాప్‌టాప్ పోర్టు ఎంత ఇస్తే అంతే డాక్ పంచగలదు. తనంతట తాను ఒక్క బిట్టు కూడా ఎక్కువ తయారుచేయలేదు. ఆ పంపకం లెక్క తెలిస్తే చాలా డబ్బూ, అంతకంటే ఎక్కువ టెన్షనూ మిగులుతాయి.

ముందు ఆ పోర్టు సంగతి చూద్దాం. సెంటీమీటరు వెడల్పు కూడా లేని టైప్-సి పోర్టులో 24 పిన్నులు ఉంటాయి. నాలుగు కరెంటు ఇవ్వడానికి, నాలుగు గ్రౌండుకు. మరో నాలుగు పాత యూఎస్‌బీ 2.0 కోసం. ఎనిమిది పిన్నులు వేగంగా డేటా పంపడానికి, రెండేసి చొప్పున నాలుగు జతలుగా ఉంటాయి. ఈ జతలనే లేన్లు అంటారు. మిగిలిన నాలుగింట్లో రెండు పక్క పనులకు, రెండు మాట్లాడుకోవడానికి. ఆ చివరి రెండింటినీ సీసీ పిన్నులు అంటారు. నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేవి అవే.

తీగ గుచ్చగానే అందులో కరెంటు పారదు. అవతల నిజంగా ఎవరైనా ఉన్నారా అని ముందు సీసీ పిన్ను చూస్తుంది. కరెంటు తీసుకునే పరికరంలో 5.1 కిలోఓమ్‌ల చిన్న రెసిస్టర్ ఉంటుంది. అది తగిలినట్టు తెలిశాకే 5 వోల్టులు వదులుతారు. రెండు సీసీ పిన్నుల్లో ఏది తగిలిందో చూసి, తీగను ఏ వైపు తిప్పి పెట్టారో కూడా అప్పుడే తేల్చేస్తారు. టైప్-సిని ఎటు తిప్పి గుచ్చినా పనిచేయడానికి కారణం ఇదే. ఆ తర్వాత చార్జర్ వైపు నుంచి ఒక జాబితా వస్తుంది: నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులున్నాయి, ఒక్కోదానికి ఇన్ని ఆంపియర్లు ఇవ్వగలను అని. ల్యాప్‌టాప్ అందులోంచి ఒకటి అడుగుతుంది. ఒప్పందం కుదిరాకే వోల్టేజీ 20కి పెరుగుతుంది. కరెంటు బేరం తెగాక బొమ్మ బేరం మొదలవుతుంది. నీకు డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌కు బొమ్మ పంపే పద్ధతి) వచ్చా, ఎన్ని లేన్లు కావాలి, యూఎస్‌బీకి ఎన్ని వదలాలి అని అడిగి తేల్చుకుంటారు. చివరికి మానిటర్ తాను ఎంత రిజల్యూషన్ చూపగలదో తెలిపే, తన గుర్తింపు పత్రం లాంటి ఈడిఐడీని పంపుతుంది. తీగ పెట్టిన క్షణం నుంచి స్క్రీన్ వెలిగేదాకా గడిచే ఆ రెండు మూడు సెకన్లలో ఇంత సంభాషణ నడుస్తుంది.

ఈ సౌకర్యం పాత డాక్‌లకు లేదు. 1992లో ఆపిల్ తెచ్చిన పవర్‌బుక్ డుయో డాక్‌లో ల్యాప్‌టాప్‌ను మూసి, మొత్తం డబ్బాలోకి తోసేయాల్సి వచ్చేది. ఆ తర్వాత కూడా చాలాకాలం ఎక్కువగా ఏ కంపెనీ డాక్ ఆ కంపెనీ ల్యాప్‌టాప్‌కే సరిపోయేది. 2014లో టైప్-సి వచ్చాక ఒకరి డాక్ ఇంకొకరి ల్యాప్‌టాప్‌కు పెట్టుకోవడం తేలికైంది. అయితే పోర్టు ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపలి సత్తా ఒకటే కాదు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో కొన్నింట టైప్-సి పోర్టు డేటాకు మాత్రమే పనికొస్తుంది, బొమ్మ రాదు. పోర్టు పక్కన డి, పి అక్షరాలు కలిసిన చిన్న గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్ ఉన్నట్టు. మెరుపు గుర్తుంటే చాలావరకు థండర్‌బోల్ట్ అనే మరింత వేగమైన పోర్టు. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరు పెట్టి కంపెనీ సైటులో చూసుకోవాలి. ఫోన్ చార్జర్‌తో వచ్చిన టైప్-సి తీగతో డాక్‌ను కలిపినా ఇదే చిక్కు. ఆ తీగల్లో చాలావాటికి యూఎస్‌బీ 2.0 తీగలు తప్ప వేగవంతమైన నాలుగు జతలు లోపల వేయరు. చార్జింగ్ ఎక్కుతుంది, మౌస్ కదులుతుంది, మానిటర్ మాత్రం నల్లగా ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920 అడ్డంగా, 1080 నిలువుగా, మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 సార్లు తెరను మళ్లీ గీయాలి. గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు, అంటే 3 గిగాబిట్లు. బొమ్మకు బొమ్మకు మధ్య వదిలే ఖాళీలు కలిపితే 3.3 నుంచి 3.6 దాకా పోతుంది. ఫోర్‌కే తెరలో చుక్కలు సరిగ్గా దీనికి నాలుగు రెట్లు. దానికి సుమారు 13 గిగాబిట్లు కావాలి.

పోర్టు ఎంత ఇస్తుంది? డిస్‌ప్లేపోర్ట్ 1.2లో ఒక్కో లేను 5.4 గిగాబిట్లు మోస్తుంది. పంపే ప్రతి 10 బిట్లలో 8 మాత్రమే అసలు సరుకు కాబట్టి చేతికొచ్చేది 4.32. చాలా డాక్‌లు నాలుగు లేన్లలో రెండింటిని బొమ్మకు, రెండింటిని యూఎస్‌బీకి కేటాయిస్తాయి. అంటే బొమ్మకు దక్కేది 8.64 గిగాబిట్లు. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు అందులో హాయిగా సర్దుకుంటాయి. మూడోది పట్టదు. ఫోర్‌కే ఒక్కటే పెట్టినా 13 పట్టదు కాబట్టి, సెకనుకు 60 సార్లకు బదులు 30 సార్లే గీస్తారు. మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోవడం అందుకే. అదే తీగ, అదే డాక్ ఉన్నా, ల్యాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఇవ్వగలిగి, డాక్ కూడా దాన్ని అందుకోగలిగితే లేనుకు 6.48 చొప్పున రెండు లేన్లకు 12.96 వస్తాయి. ఖాళీలు బాగా తగ్గిస్తే ఫోర్‌కే 60 అందులో కష్టంగానైనా దూరుతుంది.

నాలుగు లేన్లూ బొమ్మకే ఇచ్చే డాక్‌లూ ఉన్నాయి. అప్పుడు తెరలు బ్రహ్మాండంగా ఉంటాయి కానీ యూఎస్‌బీకి పాత 2.0 తీగలే మిగులుతాయి. హార్డ్ డిస్క్, ల్యాన్, కెమెరా అన్నీ కలిసి 480 మెగాబిట్ల లోపే సర్దుకోవాలి. ఇంట్లో 100 మెగాబిట్ల నెట్ ఉన్నవాళ్లకు దీనివల్ల తేడా తెలియదు. రోజూ పెద్ద వీడియో ఫైళ్లు ఎక్కించేవాళ్లకు మాత్రం ప్రాణం విసుగెత్తుతుంది. మీసేవా కేంద్రంలో వాడే వేలిముద్ర పరికరం, ప్రింటర్, స్కానర్‌లకైతే 2.0 పుష్కలం. అవి ఎన్ని తగిలించినా మానిటర్ బొమ్మకు ఏమీ కాదు, వాటి తీగలే వేరు.

రెండు బొమ్మలు ఒకే దారిలో కలిసిపోకుండా ఎలా పోతాయన్నది ఇంకా ఆసక్తికరం. సాగర్ ఎడమ కాల్వ కింద నీళ్లు తక్కువైన ఏడాది వారబందీ పెడతారు. ఈ తూముకు ఇన్ని రోజులు, ఆ తూముకు ఇన్ని రోజులు అని ముందే రాసిపెట్టి వదులుతారు. డిస్‌ప్లేపోర్ట్ 1.2తో వచ్చిన ఎంఎస్‌టీ పద్ధతి అచ్చం ఇదే. తీగలో పోయే కాలాన్ని 64 వంతులు చేస్తారు. మొదటిది లెక్కల కోసం. మిగిలిన 63 వంతుల్లో మొదటి మానిటర్‌కు ఇన్ని, రెండో దానికి ఇన్ని అని తీగ పెట్టగానే పంచేస్తారు. డాక్ లోపలి చిప్ ఎవరి వంతు వస్తే వాళ్ల వైపు బొమ్మను మళ్లిస్తుంది. కొత్త మానిటర్ తగిలించినప్పుడు వంతులు మిగలకపోతే దానికి బొమ్మ రాదు. పాత మానిటర్ రిజల్యూషన్ తగ్గిస్తే రెండోది వెలుగుతుంది. ఆయకట్టు చివరి రైతు కష్టం తెలిసిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

విండోస్ ఈ వంతుల పద్ధతిని బాగా వాడుకుంటుంది. ఆపిల్ మ్యాక్ మాత్రం ఎంఎస్‌టీతో తెరలను విడివిడిగా పొడిగించదు. అందుకే ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్‌కు చక్కగా రెండు తెరలిచ్చే డాక్, మ్యాక్‌కు పెడితే రెండింట్లోనూ ఒకే బొమ్మ చూపిస్తుంది. పైగా మామూలు ఎం1, ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. ఇది డాక్ ధరను బట్టి మారేది కాదు.

ఇక్కడే డిస్‌ప్లేలింక్ అనే మరో దారి ఉంది. ఇందులో బొమ్మ లేన్ల మీదుగా నేరుగా పోదు. ల్యాప్‌టాప్‌లో వేసుకున్న సాఫ్ట్‌వేర్ తెర మీద మారిన భాగాలను కుదించి, మామూలు డేటా లాగా యూఎస్‌బీలో పంపుతుంది. డాక్‌లోని చిప్ దాన్ని విప్పి మానిటర్‌కు ఇస్తుంది. పాత యూఎస్‌బీ పోర్టుతోనైనా, ఎం1 మ్యాక్‌తోనైనా రెండు తెరలు వస్తాయి. ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది, కొన్ని ఓటీటీ యాప్‌లలో సినిమా నల్లగా కనిపిస్తుంది, ఆటలకు పనికిరాదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఒక తెర మీద ట్యాలీ, ఇంకో తెర మీద జీఎస్టీ పోర్టల్ తెరుచుకునే అకౌంటెంటుకు ఇది చాలు. థండర్‌బోల్ట్ డాక్‌కు అంత డబ్బు పోయడం ఆ పనికి అనవసరం అని నా అభిప్రాయం. సెకనుకు 40 గిగాబిట్లు మోసే థండర్‌బోల్ట్ 3, 4 డాక్‌లు రెండు ఫోర్‌కే తెరలు పెట్టుకుని వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు. అదీ ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు ఉంటేనే.

చార్జింగ్ గురించి రెండు మాటలు. మామూలు టైప్-సి తీగ 3 ఆంపియర్లకే అనుమతి ఇస్తుంది కాబట్టి 20 వోల్టుల దగ్గర 60 వాట్లు వస్తాయి. 100 వాట్లు కావాలంటే 5 ఆంపియర్లు మోయాలి. అందుకు తీగ కొనలో తన సామర్థ్యం చెప్పే చిన్న చిప్ ఉండాలి. అది జవాబు చెప్పకపోతే చార్జర్ ఎంత పెద్దదైనా 60 దాటి ఇవ్వదు. సొంత అడాప్టర్ లేని చిన్న డాక్ (హబ్) అయితే తన వాడకానికి కొన్ని వాట్లు ఉంచుకుని మిగతాదే ల్యాప్‌టాప్‌కు వదులుతుంది.

ఇక వైర్‌లెస్ మౌస్. యూఎస్‌బీ 3 తీగల్లో సెకనుకు 5 గిగాబిట్లు పరుగెడుతుంటే వాటి రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా పడుతుంది. వైర్‌లెస్ మౌస్, కీబోర్డు, బ్లూటూత్ మాట్లాడుకునేది సరిగ్గా అక్కడే. ఈ సంగతి ఇంటెల్ 2012లోనే కొలిచి చూపింది. మౌస్‌తో వచ్చే చిన్న రిసీవర్ (డాంగిల్) డాక్‌లో హార్డ్ డిస్క్ పక్కనే ఉంటే, దానికి ఆ రొదలో మౌస్ గొంతు వినపడదు. అడుగు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను మౌస్ దగ్గరికి తెచ్చి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

మన ఊళ్లలో డాక్‌కు ఇంకో పరీక్ష కరెంటు. లైన్ పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం ల్యాప్‌టాప్‌కు తెలియదు, దానికి బ్యాటరీ ఉంది. డాక్ మాత్రం ఆగి మళ్లీ లేస్తుంది. తెరలు పోయి వస్తాయి, విండోలన్నీ ఒకే తెర మీదికి కుప్పపడతాయి, మీటింగ్‌లో ల్యాన్ తెగుతుంది, రాస్తున్న హార్డ్ డిస్క్‌లో ఫైలు చెడొచ్చు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేసి ఉంచండి, మార్పు వేగంగా జరుగుతుంది. లేదంటే డాక్‌నూ రౌటర్‌నూ చిన్న యూపీఎస్ మీద పెట్టండి.

ఎర్తింగ్ అంతకంటే ముఖ్యం. అడాప్టర్లలో రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేని ఇంట్లో వాటి ద్వారా మెటల్ బాడీ మీదికి 230లో సగం దాకా వోల్టేజీ తేలుతుంది. కరెంటు చాలా తక్కువ. అందుకే చేయి పెడితే జుమ్మంటుంది, టెస్టర్ సన్నగా వెలుగుతుంది. డాక్‌కు రెండు మానిటర్లు, ప్రింటర్ కూడా తగిలిస్తే వాటి లీకేజీలన్నీ ఒకచోటికి చేరతాయి. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ తీగ పీకి పెట్టినప్పుడు పోర్టులు కాలిపోయే ప్రమాదం ఉంది. రాతి మీద పలుచగా మట్టి ఉన్న మన నేలలో వేసవి వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండి, పట్టు తప్పుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిపించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వస్తే దాదాపు అంతే రావాలి. రాకపోతే గుంతలో నీళ్లు పోయించి మళ్లీ కొలవాలి. అప్పటికీ రాకపోతే గుంత మార్పించాలి. డాక్ అడాప్టర్‌ది త్రీపిన్ ప్లగ్గయితే దాన్ని టూపిన్ కన్వర్టర్‌లో పెట్టకుండా ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. మానిటర్లు కూడా అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి నడిస్తే అన్నిటి ఎర్తూ ఒకటే అవుతుంది.