కానుగ నూనెతో కరెంటు: ఇంజన్ ఒప్పుకుంది, లెక్క కుదరలేదు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రిపూట కరెంటు పోతే వెంటనే జనరేటర్ అందుకోవాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎటూ తక్కువే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే వనామీ రొయ్యలు గట్టు పక్కకు చేరతాయి, ఇంకాస్త ఆలస్యమైతే పంట పోయినట్టే. అందుకే డీజిల్ రేటు పెరిగినప్పుడల్లా ఓ ప్రశ్న లేస్తుంది: కృష్ణపట్నం రేవులో ఓడల కొద్దీ పామాయిల్ దిగుతోంది కదా, జనరేటర్‌లో కొంత కలిపితే పోలా?

నూనెతో ఇంజన్ నడుస్తుందని 1900లోనే తేలిపోయింది. ప్యారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ ఓ చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపింది. అది నూనెతో నడుస్తోందని చూసినవాళ్లలో చాలామందికి తెలియనే లేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు. కానీ పెట్రోలియం చవగ్గా దొరికింది, ఇంజన్లు పల్చటి డీజిల్‌కు అలవాటుపడ్డాయి. పచ్చి నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. దాన్ని అలాగే పోస్తే కొన్నాళ్లకు ఇంధనం చిమ్మే నాజిల్‌కు మసి పడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. 1937లో బెల్జియంలో దీనికో విరుగుడుకు పేటెంట్ వచ్చింది: పామాయిల్‌ను ఆల్కహాల్‌తో కలిపి మార్చడం. ఇప్పుడు చేసేదీ అలాంటిదే. నూనెలో మిథనాల్ అనే ఆల్కహాల్, కాస్టిక్ సోడా వేసి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే గ్లిసరిన్ అడుక్కు దిగుతుంది, పైన తేలేది బయోడీజిల్. కానుగ నూనెలో ఆమ్లాలు ఎక్కువైతే ముందే వాటిని తగ్గించుకోవాలి, లేకపోతే సబ్బు తయారవుతుంది!

మన దేశంలో అసలు హడావుడి 2003లో మొదలైంది. ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫాను, అంటే మన అడవి ఆముదాన్ని, ముందుకు తెచ్చింది. వంట నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం పామాయిల్‌ను ఇంజన్లో తగలబెట్టలేదు కాబట్టి అప్పటి నుంచీ చూపంతా జట్రోఫా, కానుగ లాంటి తినని నూనెల మీదే. ప్రభుత్వ 2005 బయోడీజిల్ కొనుగోలు విధానం లీటరుకు 25 రూపాయలు ఇస్తామంది. తయారీకే అంతకంటే ఎక్కువయ్యేది. పైగా 2014 అక్టోబరు దాకా డీజిల్ ధర ప్రభుత్వం చేతిలోనే ఉంది, దాంతో పోటీపడటం ఎవరి తరమూ కాలేదు. జట్రోఫా నీళ్లు లేకపోయినా బతికే మొక్క అన్నది నిజమే, కాకపోతే బతకడం వేరు, కాయడం వేరు. ఆదిలాబాద్ గూడేల్లో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి దీపాలు వెలిగించారు. అది మంచి ప్రయత్నమే, కానీ లీటరు నూనెకు నాలుగు కిలోల గింజలు పోగేయాలి. 2017కి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలన్న 2009 జాతీయ బయోఫ్యూయల్ పాలసీ లక్ష్యం 2018 పాలసీకి వచ్చేసరికి 2030కి 5 శాతంగా మిగిలింది.

ఇంజన్ వైపు చూస్తే 20 శాతం బయోడీజిల్ కలిపిన మిశ్రమంతో పెద్ద ప్రమాదం లేదు. మొదట్లో పాత ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి వదిలి ఫిల్టర్ మూసుకుపోతుంది, పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. మార్చుకుంటే సరిపోతుంది. అసలు టెన్షన్ నిల్వతోనే. బయోడీజిల్ తేమ పీలుస్తుంది, నెలల తరబడి ఉంచితే పాడవుతుంది. చీమకుర్తి క్వారీల్లో రోజూ తిరిగే ఇంజన్‌కు ఈ బాధ తక్కువ. ఉప్పుగాలి తగిలే గుంట గట్టున, కరెంటు పోయినప్పుడు మాత్రమే తిరిగే జనరేటర్‌కైతే మామూలు డీజిలే మేలు.