సెల్ఫ్ కొట్టినా అందుకోని బండి: యజమాని ఫిర్యాదు ఎక్కడ చిక్కుకుంటోంది?

కొత్త కారు ఒక రోజు సెల్ఫ్ కొట్టగానే అందుకుని, మరో రోజు ఎంతసేపు కొట్టినా అందుకోకపోతే యజమాని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరుకే వెళ్లాలి. తీరా అక్కడికి చేరాక బండి మొదటిసారికే స్టార్ట్ అవుతుంది, స్కానర్‌లో లోపాన్ని చూపే ఏ కోడూ రాదు, సమస్య కనిపించలేదని జాబ్ కార్డు మీద రాసి తాళం చేతికిస్తారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే డీలరును కలవమంటారు, డీలరేమో కంపెనీ అనుమతి రావాలంటాడు. ఈ తిరుగుడుకు మెకానిక్కుల చేతకానితనం కన్నా మన దేశంలో వినియోగదారుల చట్టం ఎదిగిన తీరే ఎక్కువ కారణం.

వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడం నిజంగానే కష్టం. ఇంజన్ తిరుగుతున్న తీరును బండిలోని కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ వేడెక్కినప్పుడు సంకేతం పంపడం మానేసి, చల్లారాక మళ్లీ మామూలుగా పనిచేయవచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంధన గొట్టంలో ఒత్తిడి నెమ్మదిగా తగ్గిపోయినా, దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ ఒక్కోసారి తాళాన్ని గుర్తించకపోయినా ఫలితం అదే. కంప్యూటర్ జ్ఞాపకంలో నమోదు కానిదాన్ని స్కానర్ చూపించలేదు.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువును బాగుచేయమనో, మార్చి ఇమ్మనో, డబ్బు తిరిగి ఇమ్మనో ఆదేశించే అధికారాన్ని వినియోగదారుల ఫోరాలకు ఇచ్చింది. అయితే పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపాలని 13వ సెక్షన్ చెప్పింది, ఆ పరీక్ష రుసుమును ఫిర్యాదుదారే ముందుగా కట్టాలంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1982లో, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం వేరే దారి పట్టింది. ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా పోకపోయినా, బండి మొత్తం 30 రోజులు షెడ్డులోనే ఉండిపోయినా, బాగుచేయడానికి ఉన్న తగిన అవకాశాన్ని కంపెనీ వాడేసుకున్నట్టే భావించే ‘లెమన్ లా’ తెచ్చింది. అక్కడ లెక్కకు వచ్చేది మరమ్మతుల సంఖ్య, ఇక్కడ లెక్కకు వచ్చేది నిపుణుడి నివేదిక. స్టార్టింగ్ ట్రబుల్ లాంటి దోబూచులాడే లోపానికి ఈ తేడాయే ప్రాణం. పరీక్ష రోజున బండి బుద్ధిగా స్టార్ట్ అయితే నివేదిక యజమానికి వ్యతిరేకంగానే వస్తుంది.

సుప్రీంకోర్టు తీర్పులు ఈ దారినే గట్టిపరిచాయి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో కారునే మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సవరిస్తూ, వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే కంపెనీ బాధ్యత అని తేల్చింది. 2010లో ఫియట్ ఇండియా కేసులో, ఇంజన్ శబ్దంపై వచ్చిన ఫిర్యాదును స్వతంత్ర సాంకేతిక నిపుణుడికి అప్పగించి, తయారీ లోపం ఉందని తేలితే కారు ధరను వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలంది. 2021లో, పాత మోడల్ అంటగట్టిన గోవా డీలరు వ్యవహారంలో, డీలరు తప్పు కంపెనీకి తెలిసిందని రుజువు కానిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని టాటా మోటార్స్‌ను విడిచిపెట్టింది. కంపెనీ, డీలరు ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకోవడానికి ఈ వాదన ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కర్లేదు.

2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం కొంత ఊరటనిచ్చింది. ఆదిలాబాద్‌లో ఉండే యజమాని కారును హైదరాబాద్‌లో కొన్నా, తన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (పాత చట్టంలోని ఫోరమే ఇది) ఫిర్యాదు వేయవచ్చు. లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం ఇప్పించేదిగా ఎంతో ఆర్భాటంగా చెప్పుకున్న ఉత్పత్తి బాధ్యత అధ్యాయం మాత్రం అతనికి అక్కరకు రాదు, ఎందుకంటే ఆ చట్టంలోని ‘హాని’ నిర్వచనం వస్తువుకే జరిగిన నష్టాన్ని మినహాయించింది. పరీక్ష నిబంధన కూడా 38వ సెక్షన్‌లోకి దాదాపు యథాతథంగా వచ్చి చేరింది.

ఇక మిగిలింది రీకాల్, అంటే అమ్మిన బండ్లను లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం. 2012లో కార్ల తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళి తెచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి మోటారు వాహనాల చట్టంలోని 110-ఎ సెక్షన్ కింద కేంద్రమే రీకాల్‌కు ఆదేశించగలుగుతోంది. కాని ఆ సెక్షన్ చూసేది పర్యావరణానికీ, ప్రయాణికులకూ, రోడ్డు మీది ఇతరులకూ ముప్పు తెచ్చే లోపాలనే. నడిరోడ్డు మీద ఆగిపోయే ఇంజన్‌ను ఆ పరిధిలోకి తెచ్చి వాదించవచ్చు. ఇంటి ముందే కదలని బండికి ఆ దారీ మూసుకుపోతుంది, దాని యజమానికి మళ్లీ జిల్లా కమిషన్, నిపుణుడి నివేదికే గతి.