భార క్వార్కుల కబురు బరంపురం తెలుగు వీధులకు

బరంపురం తెలుగు వీధుల్లో ప్లస్ టూ పిల్లలు సైన్స్ ఇంగ్లీషులో చదువుతారు, స్నేహితులతో ఒడియాలో మాట్లాడతారు, సందేహం వస్తే ఇంట్లో తెలుగులో అడుగుతారు. కణభౌతికశాస్త్రాన్ని జనంలోకి తీసుకెళ్లాలనుకునే వాళ్ల దాకా ఆ సందేహం వెళ్లడం లేదన్నదే నా బాధ.

1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాలో చాలా భాగం మద్రాసు నుంచి కొత్తగా ఏర్పడ్డ ఒడిశాలోకి వెళ్లింది. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. తర్వాతి తరాలు చదువు కోసం ఒడియా, ఇంగ్లీషుల వైపు మళ్లాయి.

ప్రోటాన్ లాంటి కణాల లోపల ఉండే మూలకణాలే క్వార్కులు. వాటిలో బరువైన ఛార్మ్, బాటమ్, టాప్‌ల కథ ఎక్కడో మొదలైంది. 1974 నవంబరులో అమెరికాలో రెండు బృందాలు ఒకే కొత్త కణాన్ని విడివిడిగా కనిపెట్టాయి. బ్రూక్‌హేవెన్‌లో శామ్యూల్ టింగ్ వాళ్లు దాన్ని 'జె' అన్నారు, స్టాన్‌ఫర్డ్‌లో బర్టన్ రిక్టర్ వాళ్లు 'సై' అన్నారు. చివరికి రెండూ కలిసి జె-సై అయింది. దానిలో ఉన్నవి ఛార్మ్ క్వార్కు, దాని ప్రతికణం. రెండేళ్లు తిరగకుండానే ఇద్దరికీ నోబెల్ ప్రకటించారు. 1977లో అమెరికాలోనే ఫెర్మీల్యాబ్‌లో బాటమ్ క్వార్కు దొరికింది. టాప్ మాత్రం 1995 దాకా చిక్కలేదు. ప్రోటాన్‌కు 180 రెట్లకు పైగా బరువున్న కణాన్ని పుట్టించాలంటే మాటలా! దాన్ని పట్టిన రెండు ప్రయోగాల్లో ఒకటైన డీ-జీరోలో ముంబై టాటా సంస్థ, ఢిల్లీ, పంజాబ్ విశ్వవిద్యాలయాల వాళ్లు కూడా పనిచేశారు.

ఇప్పుడు ఈ పరిశోధనలో పాల్గొనేవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. భువనేశ్వర్ ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ యూరప్‌లోని కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో జరిగే ఆలిస్ ప్రయోగంలో ఉంది. బాటమ్ క్వార్కులను పరిశీలించే జపాన్ బెల్-2 ప్రయోగంలో ఐఐటీ భువనేశ్వర్, ఐఐటీ హైదరాబాద్ రెండూ ఉన్నాయి. బరంపురానికే 2016లో ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధనల జాతీయ సంస్థ) వచ్చింది.

పిల్లలకు దీన్ని చేతికందించే పద్ధతి కూడా ఎప్పుడో తయారైంది. 2005 నుంచి అంతర్జాతీయ మాస్టర్‌క్లాసులు నడుస్తున్నాయి; వాటిలో విద్యార్థులే నిజమైన ప్రయోగాల డేటాను పరిశీలిస్తారు. అందులో సెర్న్‌లోని మరో ప్రయోగం ఎల్‌హెచ్‌సీబీ వాళ్ల అభ్యాసం నాకు చాలా ఇష్టం. కంప్యూటర్ తెర మీద ప్రోటాన్ల నిజమైన ఢీకొట్టుడులో పుట్టిన కణాల దారులు గీతలుగా కనిపిస్తాయి. ఢీకొన్న చోటికి కాస్త ఎడంగా రెండు గీతలు కలిసే బిందువును విద్యార్థి వెతకాలి. ఒకటి కేయాన్ అనే కణానిది, రెండోది పయాన్ అనే కణానిది అయితే, అక్కడ ఛార్మ్ క్వార్కు ఉన్న డీ-జీరో మెసాన్ అనే కణం విచ్ఛిన్నమై ఉండొచ్చు (పైన చెప్పిన ప్రయోగం పేరూ ఇదే, రెండూ వేరు). అలాంటివి బోలెడు పోగేసి గ్రాఫ్ గీస్తే దాని సగటు ఆయుష్షు తేలుతుంది: సెకనులో లక్ష కోట్లవ వంతు, అందులోనూ సగం కన్నా తక్కువ! ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి లేచిపోవడం వేరు, ఈ లెక్క తన చేత్తో తేల్చడం వేరు.

నేను అడిగేది ఇదే. ఈ అభ్యాసాన్ని బరంపురంలో ఒక రోజు తెలుగులోనూ నడపాలి. పెద్ద ఖర్చేం కాదు: నాలుగు కంప్యూటర్లు, పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పే ఇద్దరు పరిశోధక విద్యార్థులు చాలు. హైదరాబాద్ నుంచి తెలుగు వచ్చినవాళ్లు, భువనేశ్వర్ నుంచి ఒడియా వచ్చినవాళ్లు కలిసి వస్తే ఒకే గదిలో రెండు భాషల పిల్లలూ కూర్చోవచ్చు. ముందు ఏదైనా ఒక కాలేజీ గది ఇవ్వడానికి ఒప్పుకోవాలి.